ఇంట్లో చదివే పిల్లలకు సంఘం ఏం చేయాలి: హాలు ఇవ్వడమా, డబ్బు ఇవ్వడమా, మనిషిని ఇవ్వడమా?

మా చర్చి సంఘంలో ఇప్పుడు నాలుగు కుటుంబాలు పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తున్నాయి. అందులో మాదొకటి. ఆరేళ్ల కిందట మేం మొదలుపెట్టినప్పుడు, ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకునే లోపే ఎవరో ఒకరు "పాపను బడి ఎందుకు మాన్పించారమ్మా?" అని అడిగేవారు. ఇప్పుడు ప్రశ్న మారింది. పోయిన నెల స్త్రీల సమాజం కూడికలో ఒక పెద్దమ్మగారు నా చేయి పట్టుకుని, "మేమేం చేస్తే మీకు తేలికవుతుందో చెప్పమ్మా" అన్నారు. ఆమెకు అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. పక్క ఊళ్ల సంఘాల వాళ్లూ ఇదే అడుగుతున్నారు. అందుకని మేం చేసినవీ, చేసి మానుకున్నవీ, వేరేచోట చూసినవీ పక్కపక్కన పెట్టి రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్తాను. మీ సంఘం ఒక్కటే పని చేయగలిగితే, వారంలో ఒక పూట హాలు తెరవండి. ఆ పూట పిల్లలకు తమ అమ్మానాన్నలు కాని ఒక పెద్దమనిషి దొరికేలా చూడండి. డబ్బు, పుస్తకాలు ఆ తర్వాత. రోజూ నడిచే బడి మాత్రం పెట్టకండి.

సాయానికి ముందు తెలుసుకోవాల్సింది

విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల గురించిన చట్టం అది. పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని దాని 10వ సెక్షన్ చెబుతుంది. చేర్పించకపోతే తల్లిదండ్రులకు ఫలానా శిక్ష అని మాత్రం అందులో ఎక్కడా లేదు. ఇంటి చదువు అన్న మాటే లేదు. కాబట్టి సంఘ పెద్దలు "చట్టం ఒప్పుకుంది, ధైర్యంగా ఉండండి" అని పూచీ పడనూ కూడదు, "మీ మీద కేసు అవుతుంది" అని భయపెట్టనూ కూడదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

అదే చట్టంలోని 4వ సెక్షన్ గురించి చాలామందికి తెలియదు. బడికి పోని పిల్లలు ఆరేళ్లు దాటాక ఎప్పుడు చేరినా, వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి. వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ కూడా ఇవ్వాలి. ఇంటి చదువు కుదరక మధ్యలో బడికి పంపాలనుకునే తల్లికి ఈ ఒక్క మాట చెబితే సగం టెన్షన్ తగ్గుతుంది. అలా తిరిగి బడికి పంపిన కుటుంబాన్ని ఓడిపోయినవాళ్లలా చూడకపోవడం కూడా సంఘం చేసే సాయమే. మా నాలుగు కుటుంబాల్లో ఒకరు ఈ జూన్‌లో చిన్నవాణ్ణి బడిలో వేస్తున్నారు. వాళ్ల పెద్దమ్మాయి మాతోనే ఉంటుంది.

హాలు తెరవడం

చాలా సంఘాల్లో హాలు వారంలో ఐదు రోజులు తాళం వేసే ఉంటుంది. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, డ్రమ్స్ మీద దుప్పటి కప్పి ఉంటాయి. ఫ్యాన్లున్నాయి, బోర్డుంది, మంచినీళ్ల క్యాన్ ఉంది. కొత్తగా కొనాల్సింది దాదాపు ఏమీ లేదు. మేం బుధవారం ఉదయం 9:30 నుంచి 12:30 వరకు తీసుకున్నాం. శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం ఆదివారం కోసం ఊడ్చి తుడవడం, సోమవారం పాస్టర్ అయ్యగారికి విశ్రాంతి. మిగిలిన రోజుల్లో అందరికీ కుదిరింది బుధవారం. మీ సంఘం వారాన్ని బట్టి మీ రోజు చూసుకోండి. కానీ ఆ రోజు మారకూడదు. "ఈ వారం పెళ్లుంది, గురువారం రండి" అని రెండుసార్లు అయితే మూడోసారి ఎవరూ రారు.

ఇంట్లో చదివే పిల్లలకు పాఠాలకు కొదవ ఉండదు. కొదవ ఉండేది తోటి పిల్లలకు. నలుగురిలో లేచి నిలబడి చదవడం, తన వంతు కోసం ఆగడం, తనకంటే బాగా చేసిన పిల్లను చూడడం, తెలియదని చెప్పడం ఇంట్లో ఒక్కళ్లే ఉంటే రావు. మూడు గంటల్లో పుస్తకం పాఠం తక్కువే పెట్టుకుంటాం. బిగ్గరగా చదవడం, ఒక సైన్స్ ప్రయోగం, ఒక ఆట, ఆఖర్న డబ్బాలు విప్పి కలిసి అన్నం తినడం. మా అబ్బాయి వంకాయ కూర తినడం ఆ డబ్బాల దగ్గరే నేర్చుకున్నాడు.

లోటు ఏమిటంటే, పెద్దలు చూసుకోకపోతే ఇది ఆదివార బడికి ఇంకో రోజులా మారిపోతుంది. వాక్యం ఆదివారం ఉంది, ఇంట్లో కుటుంబ ప్రార్థన ఉంది. బుధవారం లెక్కలు, చదువు, ఆట ఉండాలి. నిజానికి ఆదివార బడి పుట్టిందే అక్షరాల కోసం. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్టణంలో రాబర్ట్ రేక్స్ దాన్ని మొదలుపెట్టినప్పుడు, వారమంతా పనిలోకి పోయే పిల్లలకు ఆదివారం ఒక్కటే ఖాళీ. ఆ రోజు చదవడం నేర్పేవారు, బైబిలే వాళ్ల వాచకం. మన దగ్గరా 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యర్ సువార్తతో పాటు బడులూ పెట్టారు. చదువు చెప్పడం సంఘానికి కొత్త పనేమీ కాదు.

మనిషిని ఇవ్వడం

నా లెక్కలో అన్నిటికంటే విలువైనది ఇదే. ఖర్చూ లేదు. అయినా సంఘాలు దీన్ని చివర్లో తలుచుకుంటాయి.

మా సంఘంలో వడ్రంగి పని చేసే బాబాయిగారొకరు ఉన్నారు. హాల్లో ఒక బెంచీ మధ్యలో ఊగుతోందని బాగు చేయడానికి ఒక బుధవారం వచ్చారు. మా అబ్బాయికి అప్పుడు తొమ్మిదేళ్లు. పక్కన నిలబడి చూస్తున్నాడు. ఆయన టేపు వాడి చేతికిచ్చి, "దీనికి సరిగ్గా మధ్యలో కింద చెక్క వేయాలి నాన్నా. మధ్య ఎక్కడొస్తుందో గీత పెట్టు" అన్నారు. వీడు కొలిచాడు. 5 అడుగుల 3 అంగుళాలు వచ్చింది. "రెండున్నర అడుగులు" అనేశాడు. ఆయన తప్పనలేదు. "ఐదడుగులకు రెండున్నర బాగానే ఉంది, మరి ఆ మూడంగుళాలను ఎవరికిచ్చావు?" అని అడిగారు. వాడు చాలాసేపు టేపు వంకే చూశాడు. ఒకటిన్నర అంగుళం కలిపి, 2 అడుగుల ఏడున్నర అంగుళాల దగ్గర పెన్సిలుతో గీత పెట్టాడు. "ఇప్పుడు అటు చివర నుంచి కొలువు" అన్నారాయన. అటు నుంచీ అదే గీత మీదికి వచ్చింది. వాడి మొహం అప్పుడు చూడాలి. నేను నెల రోజులుగా భిన్నాలు చెబుతుంటే తల ఊపుతూ వచ్చిన పిల్లవాడు, ఆ పూట హాల్లో ఉన్న ప్రతి బెంచీకీ మధ్య కనిపెట్టాడు.

ఆ రోజు నుంచి బాబాయిగారిని నెలకు రెండు బుధవారాలు రమ్మని అడిగాం. అలాగే చుట్టూ చూసుకుంటే, రిటైరైన తెలుగు పంతులుగారు ఒకరు దొరికారు, బ్యాంకులో పనిచేసే సిస్టర్ ఒకరు, కుట్టుమిషను ఉన్న అక్క ఒకరు. అందరూ మొదట ఒకే మాట అన్నారు: "నాకు పాఠం చెప్పడం రాదండీ." పాఠం వద్దు. మీ పని మీరు చేసుకుంటుంటే పక్కన ఒక గంట పిల్లల్ని ఉండనివ్వండి, చాలు.

అడిగేటప్పుడు పొరపాటు చేయకండి. ఆరాధనలో "ఎవరికైనా ఈ పని చేయాలన్న భారం ఉంటే ముందుకు రండి" అని మైకులో అంటే ఎవరూ లేవరు. లేచినవాళ్లు రెండో వారం ఉండరు. ఇంటికి వెళ్లి, పేరు పెట్టి, ఫలానా బుధవారం ఒక్క గంట అని అడగండి. ఆరు వారాలకు మించి మాట తీసుకోకండి. ఇష్టమైతే వాళ్లే కొనసాగుతారు.

మనిషి సాయంలోనే ఇంకొకటి ఉంది, తల్లికి ఊపిరి. ఇంట్లో చదివించే తల్లికి వంట, బట్టలు, పాఠాలు, అత్తగారి మందులు అన్నీ ఒకే నాలుగు గోడల మధ్య. పోయినేడు నాకు డెంగీ వచ్చి పదకొండు రోజులు మంచం దిగలేదు. ఇద్దరు సిస్టర్లు వంతులు వేసుకుని పిల్లల్ని పొద్దున తీసుకెళ్లి సాయంత్రం దించేవారు. పాఠాలేమీ జరగలేదు. వాళ్లింట్లో పిల్లలు మామిడికాయ ముక్కలు తుడిచారు, పేపరు చదివారు. మా ఇల్లు నిలబడింది ఆ పదకొండు రోజుల వల్లే.

డబ్బు ఇస్తే దేనికి ఇవ్వాలి

నెలనెలా ఇంత అని కుటుంబం చేతిలో పెట్టడం కంటే, పరీక్ష ఫీజు దగ్గర సాయపడటం మంచిదని నా అనుభవం. ఎనిమిదో తరగతి వయసు దాకా ఇంటి చదువు తక్కువ ఖర్చుతోనే సాగుతుంది. పదో తరగతి దగ్గరే డబ్బూ, కాగితాలూ, భయమూ ఒకేసారి మీద పడతాయి.

అక్కడ దారులు మూడు. ఒకటి ఎన్‌ఐఓఎస్, అంటే కేంద్రం నడిపే ఓపెన్ స్కూల్. పదో తరగతికి 14 ఏళ్లు నిండాలి. కనీసం ఐదు సబ్జెక్టులు. పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే నెలల్లో, అక్టోబర్-నవంబర్ నెలల్లో. ఒకసారి చేరితే ఐదేళ్ల పాటు చెల్లుతుంది, తొమ్మిది అవకాశాలుంటాయి. రెండు సబ్జెక్టులు ఇప్పుడు, మూడు తర్వాత రాసుకోవచ్చు. ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ లేని పిల్లలు, ఆ స్థాయి చదువు చదివామని సొంతంగా రాసిచ్చి చేరవచ్చు. తెలుగు మీడియం కూడా ఉంది. రెండోది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల ఓపెన్ స్కూల్ సొసైటీలు. స్టడీ సెంటర్ దగ్గర్లోనే దొరుకుతుంది, వెళ్లి తెలుగులో మాట్లాడి పని చేయించుకోవచ్చు. మూడోది కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్‌ఈ, అంటే ఇంగ్లండు బోర్డు పెట్టే పదో తరగతి స్థాయి పరీక్ష. దాని ఫీజు మొదటి రెండింటితో పోల్చడానికే లేనంత ఎక్కువ, పరీక్షా కేంద్రాలు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే. సంఘం నిధిని దానికి ఖర్చు పెట్టొద్దంటాను. ఆ డబ్బుతో ఎందరో పిల్లలు మొదటి రెండు దారుల్లో పరీక్షలు రాసుకుంటారు. తండ్రికి బదిలీలుండే ఉద్యోగమైతే ఎన్‌ఐఓఎస్, ఉన్న ఊళ్లోనే ఉండే కుటుంబమైతే రాష్ట్ర ఓపెన్ స్కూల్. మేం చూసుకున్న లెక్క ఇది.

డబ్బుకంటే కాగితాల దగ్గర సాయం ఇంకా అవసరం. మన కుటుంబాల్లో పిల్లలకు బాప్తిస్మపు పేరొకటి, ఇంట్లో పిలిచే పేరొకటి, ఆధార్‌లో ఇంకొకటి ఉంటాయి. మా పెద్దమ్మాయిని చేర్పించే సమయంలో పుట్టిన సర్టిఫికెట్‌లో ఒక పేరు, ఆధార్‌లో మరో పేరు ఉన్నట్టు గడువుకు తొమ్మిది రోజుల ముందు చూసుకున్నాం. ఒక ఆఫీసులో ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు, అక్కడ మళ్లీ మొదటి ఆఫీసుకే పొమ్మన్నారు. మా సంఘ కార్యదర్శిగారు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన దరఖాస్తు రాసి, మాతో పాటు రెండు రోజులు వరుసలో నిలబడ్డారు. పిల్లకు పన్నెండేళ్లు వచ్చేసరికే ఈ కాగితాలన్నీ ఒకసారి సరిచూసే మనిషి సంఘంలో ఉంటే, ఆ ఒక్క సాయమే చాలా కుటుంబాలను గట్టెక్కిస్తుంది.

ఇంకో మాట. ఫీజు కట్టిన సంగతి ప్రకటనల్లో చదవకండి. కానుకలు ఇచ్చినవాళ్ల పేర్లు చదవడం మనకు అలవాటే, కానీ అందుకున్న పిల్ల ఆ బెంచీల మధ్యే కూర్చుని ఉంటుంది.

పుస్తకాల బీరువా

మంచిదే, కానీ దీంతో మొదలుపెట్టకండి. బీరువా కొంటే సాయం అయిపోయిందనిపిస్తుంది, తాళంచెవి ఒకరి దగ్గర ఉండిపోతుంది. పాత పుస్తకాలు ఇమ్మంటే గైడ్లు, డైరీలు వచ్చి పడతాయి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. సంఘంలో ప్రింటర్ ఉంటే కావలసిన పేజీలు తీసివ్వండి. గ్లోబు, త్రాసు, భూతద్దం, ఒక మంచి తెలుగు నిఘంటువు లాంటివి అందరికీ కలిపి కొంటే పనికొస్తాయి.

మీ ఊళ్లో శాఖా గ్రంథాలయం ఉంటే అక్కడికి పంపండి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మనం కడుతూనే ఉన్నాం. అక్కడ నిశ్శబ్దం దొరుకుతుంది. మా పెద్దమ్మాయికి అదే కావాలి, చిన్నవాడికి హాలే కావాలి.

రోజూ బడి ఎందుకు వద్దంటున్నాను

హాలు బాగా నడుస్తుంటే రెండో ఏడు ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "పిల్లలున్నారు, హాలుంది, మనమే బడి పెట్టేద్దాం." మా దగ్గరా అన్నారు. గుర్తింపు లేకుండా బడి నడిపితే విద్యా హక్కు చట్టం 18వ సెక్షన్ కింద లక్ష రూపాయల వరకు జరిమానా. ఆపకుండా నడిపితే రోజుకు 10 వేల వరకు. మైనారిటీ బడులకు ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది కదా అని ఒక పెద్దాయన అన్నారు. ఆ తీర్పు ఉన్నా, రాష్ట్ర విద్యాశాఖ అనుమతి ఎలాగూ కావాలి.

చట్టం పక్కన పెట్టినా నాకు అభ్యంతరం ఉంది. బడి పెట్టిన రోజున ఫీజులు వస్తాయి, జీతాలు వస్తాయి, పక్క బడితో పోటీ వస్తుంది. ఇంటి చదువు ఎంచుకున్న కుటుంబం బిడ్డను తన వేగంతో నడవనివ్వాలని ఎంచుకుంది. ఆ కుటుంబానికి సంఘం తోడు నిలవాలి. చదువు చెప్పే బాధ్యత మాత్రం తల్లిదండ్రులదే. నిజంగా బడి పెట్టే స్తోమతు, పిలుపు ఉంటే అన్ని అనుమతులతో బడే పెట్టండి. అది వేరే పని, వేరే కమిటీ.

పిల్లల భద్రత

హాలు తెరిచే ముందే ఇది కాగితం మీద రాసుకుని, అందరి చేతా సంతకం పెట్టించండి. సంఘంలో "మనవాళ్లే కదా" అనే మాట ఎక్కువ, అందుకే గట్టిగా చెబుతున్నాను. పిల్లలతో ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలి, ఒకే ఇంటివాళ్లు కాకూడదు. తలుపులు తెరిచి ఉండాలి. ఏ పెద్దమనిషీ పిల్లవాణ్ణి ఒంటరిగా బండి మీద తీసుకెళ్లకూడదు, పాస్టర్ గారైనా సరే. ఎవరూ పిల్లల మీద చేయెత్తకూడదు. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే సంఘ పెద్దల మధ్య సర్దుబాటు చేయడానికి వీల్లేదు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చైల్డ్‌లైన్ నంబరు 1098. ఆ నంబరు హాలు గోడ మీద, పిల్లల కళ్లకు అందే ఎత్తులో రాయించాం.

సంఘం లేని చోట, దేశం దాటిన చోట

హైదరాబాద్ లాంటి చోట అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ ఇదే పని చేస్తుంది. సంఘం హాలుతో పోలిస్తే వసతి ఎక్కువ, మనుషులు తక్కువ. పొద్దున పదింటికి అక్కడ ఉండేది తాతయ్యలు, నానమ్మలు. వాళ్లనే అడగండి, సంతోషంగా వస్తారు. మా బుధవారానికి వేరే మతస్థుల పిల్లలు ఇద్దరు వస్తారు. వాళ్లకు ప్రార్థనలో కూర్చోవాలన్న షరతు పెట్టలేదు. కొందరు పెద్దలకు ఇది మొదట రుచించలేదు. ఇప్పుడు ఆ పిల్లల నాన్నగారే వర్షాకాలం ముందు హాలు కప్పుకు తారు వేయించారు.

అమెరికాలోని తెలుగు సంఘాలకు చట్టం విషయంలో మనకంటే స్పష్టత ఉంది. 1993 నాటికే 50 రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధమైంది. కానీ నియమాలు రాష్ట్రానికొక రకం. టెక్సాస్, న్యూజెర్సీల్లో ప్రభుత్వానికి ముందుగా తెలియజేయాల్సిన పని లేదు. న్యూయార్క్‌లో ఏటా ప్రణాళిక ఇవ్వాలి, మూడు నెలలకోసారి నివేదిక పంపాలి. అక్కడి కుటుంబాలకు స్థానిక బృందాలు బోలెడు దొరుకుతాయి. దొరకనిది తెలుగు. కాబట్టి అక్కడి తెలుగు సంఘం లెక్కల జోలికి పోకుండా, వారానికి ఒక గంట పిల్లలతో తెలుగు చదివిస్తే చాలు. జర్మనీలో ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త. అక్కడ పిల్లలు బడికి వెళ్లి తీరాలి. బడి అయ్యాక సాయంత్రం కలవడం తప్ప వేరే దారి లేదు.

మీ సంఘానికి ఏది

ఇంట్లో చదివే కుటుంబం ఒక్కటే ఉంటే హాలు తెరవక్కర్లేదు. ఇద్దరు మనుషుల్ని చూడండి, వాళ్ల దగ్గరికి పిల్లల్ని పంపండి. మూడు, నాలుగు కుటుంబాలైతే హాలు. పిల్లలందరూ పదేళ్ల లోపు వాళ్లయితే డబ్బు సంగతి ఇప్పుడే ఎత్తకండి. పన్నెండు దాటినవాళ్లుంటే కాగితాలు, పరీక్ష ఫీజు ముందు పెట్టుకోండి. సంఘం చిన్నది, సొంత హాలు లేదు, అద్దె ఇంట్లో ఆరాధన జరుగుతోంది అంటే, ఇంటి ఓనరుకు చెప్పకుండా పిల్లల్ని పోగు చేయకండి. గ్రంథాలయం వైపు చూడండి.

మొదలుపెట్టడానికి మంచి సమయం మే నెలలో విబిఎస్ (వేసవి సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిలు బడి) అయిన వెంటనే. హాలు సర్ది ఉంటుంది, టీచర్లు ఉత్సాహంగా ఉంటారు, పిల్లలకు ఒకరి పేర్లు ఒకరికి వచ్చేసి ఉంటాయి. జూన్ రెండో బుధవారం తెరిచి, నవంబర్ దాకా నడపండి. డిసెంబర్‌లో హాలు క్రిస్మస్ పాటల ప్రాక్టీసుకు పోతుంది, ఆ నెల ఆపేయండి. ఆ ఖాళీలో తల్లులందరినీ ఒక సాయంత్రం కూర్చోబెట్టి, జనవరిలో మళ్లీ తెరవాలా వద్దా అని వాళ్లనే అడగండి. మేం మొదటి ఏడు అలాగే అడిగాం. రోజు మార్చమన్నారు, మంగళవారం నుంచి బుధవారానికి మార్చాం.